ఖాళీ గది చప్పుడు

నైరోబీ నగరాన్ని నేను ఎన్నడూ చూడలేదు. కాని అక్కడి ఒక మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు. ఆమె చెప్పే వీడియో పాఠాలను తెలుగు చేసి, తెర కింద కనిపించేలా ముక్కలుగా పేర్చడం పత్రిక ఉద్యోగం అయిపోయాక వనపర్తిలో నేను ఒప్పుకున్న పని. వాక్యాన్ని ఎక్కడ తెంచాలో మొదట్లో తోచేది కాదు. తర్వాత ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా తెంచడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో నేను కాక వినిపించే గొంతు అదొక్కటే. నేనొకణ్ణి ఉన్నానని మాత్రం ఆమెకు తెలియదు.

ఆ పాఠాలు పాడేవాళ్ల కోసం చేసినవి కావు. మైకులు అమర్చేవాళ్లు, వేదికకు దీపాలు కట్టేవాళ్లు, రికార్డు చేసిన పాటను శుభ్రం చేసేవాళ్లు, కచేరీకి మనుషుల్ని కూర్చేవాళ్లు, వీళ్లకోసం. ఆఫ్రికాలో పాట వెనక ఎన్నో బతుకులు నడుస్తాయట. ఆ బతుకుల్లో ఆడవాళ్లకు, వికలాంగులకు, నగరం అంచున రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకు జాగా దొరకదు. ఆ జాగా చేయాలన్నది అక్కడివాళ్ల ప్రయత్నం. ఒక పాఠంలో చక్రాల కుర్చీలో ఉన్న యువకుడికి పాట హెచ్చుతగ్గులు సరిచేసే మీటల బల్ల అందదు. అతన్ని ఎత్తి కూర్చోబెట్టబోతే ఆమె వద్దని, రంపం తెప్పించి బల్ల కాళ్లు కోయిస్తుంది. ఆ పాఠాన్ని పనయిపోయాక కూడా మళ్లీ పెట్టుకుని చూశాను.

మా ఊళ్లోని స్వచ్ఛంద సంస్థ ఒకటి ఆ నైరోబీ వాళ్లతో మాట్లాడుకుని ఆ పాఠాలను ఇక్కడికి తెచ్చింది. ఏదో కారణంగా పాత పని చేసుకోలేకపోతున్న ఆడవాళ్లకు నేర్పాలని ఉద్దేశం. నాగర్‌కర్నూలులో పల్లెపాటలు, చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు రికార్డు చేసే గది ఒకటి సిద్ధమవుతోంది. ఆ గదికి జీతం మీద ఒక్కరే కావాలి. నేర్చుకున్నవాళ్లు చేసిన ఆఖరి పనిని నైరోబీ గురువు విని, ఆ ఒక్కరు ఎవరో చెబుతుంది.

నేర్చుకునేవాళ్లలో గద్వాల నుంచి వచ్చే ఒక నేతకారుల కోడలు ఉండేది. నలభైకి దగ్గరపడిన మనిషి. స్కూటరు మీంచి పడి మోకాలు విరిగింది. ఎముక అతికింది గాని కాలు వంగడం మానేసింది. గుంట మగ్గంలో కాళ్లు కిందికి దించి తొక్కాలి, వంగని కాలికి అది కుదరదు. గద్వాల చీరకు అంచు కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. పెళ్లైన నాటి నుంచి భర్త పక్కన ఆమే కూర్చునేది. ఇప్పుడక్కడ తోటికోడలు కూర్చుంటోంది.

సంస్థ వరండాలో ఒకరోజు ఆ మాటే చెప్పింది.

"కాలు నొప్పికి బాధ లేదు సార్. ఆయన పక్కల నా జాగ పోయింది. గిది గూడ పోతే పొయ్యి కాడ కూసునుడే. ఈ కాలు కూసుంటె వంగదు, నిలబడితె ఓర్వదు, ఏం కాలో ఏమో" అని మోకాలిని చేత్తో ఒకటి కొట్టి నవ్వింది.

ఆఖరి పని ఇది. ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒక పాట పాడించి, వేరే ఏ చప్పుడూ కలవకుండా రికార్డు చేయాలి. పాట అయ్యాక ఎవరూ మాట్లాడకుండా అదే గదిలో మరో నిమిషం రికార్డు చేయాలి. ఆ నిమిషం ఎందుకంటే, పాట మధ్యలో దగ్గో తుమ్మో వస్తే కోసేయాలి, కోసిన చోట చిల్లు పడుతుంది. ఆ చిల్లుకు ఆ గది నిశ్శబ్దాన్నే అతుకు వేయాలి. ఇంకో గదిది పనికిరాదు. ప్రతి గదికీ దానిదైన ఖాళీ చప్పుడు ఉంటుందని ఆమె పాఠంలో చెప్పింది. ఈ వాక్యం తెలుగు చేసి, కాసేపు లేచి ఇల్లంతా తిరిగాను.

గద్వాల కోడలికి పాడే మనిషి ఇంట్లోనే ఉంది. అత్త. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల పుట్టింటి దారి పొడవును మనసులోనే నూలుపోగుతో కొలుచుకునే పాట ఒకటి ఆమెకు వచ్చు. చిక్కల్లా చప్పుడుతోనే. ఆ వీధిలో ఏ ఇంట్లో కూర్చున్నా పక్కింటి మగ్గం వినిపిస్తుంది. "ఒకసారి వచ్చి చూడుండ్రి సార్, ఎట్ల చేయాల్నో" అంటే బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి గద్వాల చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది.

ఆమె అప్పటికే ఒక దారి ఆలోచించి పెట్టుకుంది. కాలీడ్చుకుంటూ ఇంటింటికీ పోయి, ఒక్క పాట అయ్యేదాకా మగ్గం ఆపమని అడుగుతోంది.

"ఏందొదినా, మీ అత్త రేడియోల పాడుతదా?" అని ఎదురింటాయన.

"ఆఫ్రికల పాడుతది."

"అట్లయితె నా మగ్గం సప్పుడు గూడ జర ఇనిపియ్యి. చీరలు కొంటరేమో."

"నీ చీర కొనాల్నంటె ముందు నువ్వు నేసుడు అయిపోవాలె గద మర్ది."

అందరూ ఒప్పుకున్నారు. ముసలామె అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేయెత్తింది. మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ముందు ఎదురిల్లు, తర్వాత మూల ఇల్లు, చివరికి వీధి కొసన ఏదో ఒంటరి మగ్గం రెండు దెబ్బలు వేసి ఊరుకుంది. అంత పెద్ద నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు. అక్కడివాళ్లు విన్నారు. ఎప్పుడు విన్నారో నాకు వెంటనే తెలిసింది.

ముసలామె గొంతు సవరించుకునేలోగానే పక్క వీధి నుంచి ఒకాయన ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు. వెనక ఇద్దరు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చారు. ఒకామె మలుపులోనే ఏడుపు అందుకుంది.

"ఎవలు పోయిండ్రు? ఎవలే?"

మగ్గాలన్నీ ఒకేసారి ఆగడమంటే అక్కడ ఒకటే అర్థం. వీధిలో ఎవరో చనిపోవాలి. శవం లేచేదాకా ఎవరూ మగ్గం ఎక్కరు. ఆ వీధిలో పుట్టిపెరిగినవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి ముందుగా తట్టకపోవడం విచిత్రమే. ఆపమన్నది తమ మనిషే, ఆపింది తామే. అందుకే కావచ్చు.

ఏడుస్తూ వచ్చినామె అరుగు మీది ముసలామెను చూసి బిక్కచచ్చిపోయింది. "ఓయమ్మ, గీమెనే అనుకుంటి. గీమె కూసోనే ఉన్నది గద!"

వీధంతా ఘొల్లుమంది. ముసలామె మాత్రం నవ్వలేదు. కోడలి వైపు తిరిగింది.

"నేను బతికుండంగనే మగ్గాలు ఆపిస్తివేందే? నీకు నౌకరి కావాల్నా, నా పీనుగ కావాల్నా?"

"అత్తమ్మా, గట్ల కాదు..."

"ఎట్లయితేంది? ఇగ నేను పాడ పో."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కోడలు హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని అరుగు మీద అలాగే ఉండిపోయింది. నేను తిరుగు బస్సుకు వచ్చేశాను.

గడువు దగ్గరపడ్డాక ఫోను చేసింది. అత్త కొంచెం మెత్తబడిందట. పాడుతుంది గాని ఆ వీధిలో మాత్రం పాడదు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీ ఇంట్ల అసలు సప్పుడే ఉండదని ఆఫీసుల అన్నరు. జర మీ ఇంట్ల..."

మా ఇంటికి ఉన్న ఆ గుణం ఇంకొకరికి పనికొస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నా భార్య ఉన్నప్పుడు చప్పుడు లేని ఘడియ ఉండేది కాదు. కుక్కరు, పెరటి గోడ మీంచి పక్కింటామెతో కబుర్లు, ఎవరూ వినని రేడియో. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక ఒక్కొక్కటిగా అన్నీ ఆగాయి. రమ్మన్నాను.

అత్తాకోడళ్లు పొద్దున బస్సుకే వచ్చారు. ముసలామె గడప దగ్గర చెప్పులు విడుస్తూ ఆగింది. లోపలికి చూసింది, చెవి పెట్టి విన్నది.

"ఎవలు పోయిండ్రు నాయనా ఈ ఇంట్ల?"

"నా భార్య అమ్మా."

"ఎన్నాళ్లాయె?"

"రెండేళ్లు దాటింది."

"రెండేండ్లా!" అంది. "మా దిక్కు దినాలు కాంగనే మగ్గం ఎక్కుతరు. నువ్వింకా ఎక్కలేదా?"

"అత్తమ్మా, సారుకు మగ్గం యాడిది? ఊకో" అని కోడలు ఆమె మోచేయి పట్టుకుని లోపలికి తెచ్చింది.

ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాం. ఫ్యాను ఆపాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం. ముసలామె కుర్చీలో కూర్చుని రెండుసార్లు పాట ఎత్తుకుంది, రెండుసార్లూ జారిపోయింది.

"రాదు పిల్లా. మగ్గం సప్పుడు లేకుంటె యాడ ఎత్తుకోవాల్నో, యాడ ఆపాల్నో తెల్వదు."

"మగ్గం ఉంటె సప్పుడైతది గదమ్మా."

"మరి నన్నేం జెయ్యమంటవ్?"

కోడలు మా మంచం మీది బొంత తీసి మడతలు వేసి అత్త పాదాల కింద పరిచింది. నా భార్య పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత అది. "ఇగ తొక్కు" అంది. ముసలామె తొక్కి చూసింది. అడుగు పడుతోంది, చప్పుడు కావడం లేదు. మొహంలో ఏదో కుదురుకుంది.

గదిలో అవసరం లేనివాళ్లు ఉండకూడదని పాఠంలో ఉంది. తెలుగు చేసింది నేనే. లేచి బయటికి పోబోయాను.

"నువ్వు యాడికి? నువ్వు పోతె ఎవలికి పాడాలె, గోడకా?" అంది ముసలామె.

కోడలు నా వైపు చూసింది, అత్త వైపు చూసింది. "ఉండుండ్రి సార్. కాని కుర్చీ వద్దు, కిర్రుమంటది. కింద కూసోండ్రి. కదలొద్దు."

మూలన నేల మీద కూర్చున్నాను. ముసలామె కళ్లు మూసుకుని పాడింది. కాళ్లు బొంతను తొక్కుతూ పోయాయి. దారి పొడవును కొలిచే పిల్ల పోగు చాలక మొదటికి వచ్చి మళ్లీ కొలుస్తుంది. మధ్యలో ఒకచోట దగ్గు వచ్చింది, ఆపుకుని పాడింది. అయ్యాక కోడలు చేయెత్తింది. ఆ ఖాళీ నిమిషం మొదలైంది. ముగ్గురం అలా కూర్చున్నాం. ఆ ఇంట్లో ఎంతో కాలంగా నిశ్శబ్దంగా ఉంటున్నాను గాని, మరొకరితో కలిసి నిశ్శబ్దంగా ఉండి చాలా రోజులైంది. ఆమె చేయి దించినప్పుడు అప్పుడేనా అనిపించింది.

టీ తాగి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టడం సాయంత్రం దాకా మరిచాను.

జవాబు నైరోబీ నుంచి మాట రూపంలో వచ్చింది. నేర్చుకున్నవాళ్లందరికీ తెలుగులో పంపాలి గనుక ముందు నా దగ్గరికే చేరింది. తెలిసిన గొంతు. మిగతావాళ్ల పనుల గురించి చెప్పి, గద్వాల పని దగ్గరికి వచ్చింది. పెద్దామె గొంతు పక్కన కూర్చుని విన్నంత దగ్గరగా ఉందన్నది. అతుకులు శుభ్రంగా పడ్డాయి, నాగర్‌కర్నూలు గది ఈమెకే ఇవ్వండి అన్నది. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. తర్వాత ఇలా చెప్పింది.

"ఒక లోపం ఉంది. దగ్గును కోసి అతికిన చోట, ఆ ఖాళీలో, మూడో మనిషి వినిపిస్తున్నాడు. వయసు మళ్లిన మగమనిషి అనుకుంటాను. ఊపిరి బిగబట్టి వదులుతున్నాడు. ఇకమీదట అతన్ని బయట కూర్చోబెట్టండి."

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ వాక్యం వదిలేసినా ఎవరికీ తెలియదు. పత్రిక డెస్కులో పేజీలో జాగా చాలక ఎన్నో వాక్యాలు కోశాను. దీన్ని కోయబుద్ధి కాలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి పంపాను.

గంట తిరక్కముందే గద్వాల నుంచి ఫోను. కోడలి గొంతులో నవ్వు, ఏడుపు రెండూ ఉన్నాయి.

"వచ్చింది సార్, నాకే వచ్చింది! ఇగ నాగర్‌కర్నూల్ల గది చూసుకోవాలె. ఆయన గూడ సరే అన్నడు." మళ్లీ, "సార్, ఆ మూడో మనిషి..." అని ఆగింది.

"నేనేనమ్మా."

"నాకు ఇనపడలేదు సార్, ఒట్టు. ఇనపడితె గూడ ఎట్ల కోస్త?"

వెనక మగ్గాల చప్పుడు. దాని మీంచి ముసలామె కేక. "సారును బయట కూసోవెడ్తె నేను పాడనని చెప్పు ఆ ఆఫ్రికామెకు!"

"అది కూడా ఇంగ్లిషు చేసి పంపమంటారా?" అన్నాను.

"పంపుమను!" అని అక్కణ్ణుంచే అరిచింది. పంపాను. దానికి జవాబు రాలేదు.

కోడలు ఇప్పుడు నాగర్‌కర్నూలులోనే ఉంటోంది, ఆదివారాలు గద్వాల పోయొస్తుంది. మా వీధి మీంచి పోయే బస్సే, కాని దిగే పని లేదు. నిన్న కొత్త పాఠాలు వచ్చాయి. కిటికీలకు ఆరోజు కట్టిన దుప్పట్లు విప్పి, కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నైరోబీ గురువు మొదటి వాక్యం చెప్పి ఊపిరి తీసుకుంది. అక్కడ తెంచాను.