కర్త లేని సస్పెన్షన్

శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి అత్తయ్యకి రెండో కప్పు కాఫీ కలిపిచ్చి, పాలగిన్నె మీద మూత పెట్టి, ఫోన్ తీసి వాట్సాప్‌లో పదకొండు మాటల కబురొకటి పెట్టాను. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నా ఉద్యోగం పోయింది. అమెరికాలో మేముండే ఈ నోవై ఊళ్లో ఆ సంగతి తెలియని తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

ఇదంతా ఒక కారు వల్ల వచ్చింది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పదిహేడేళ్లు పనిచేశాను. మా ఆవిడ మాధవి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువల్స్ రాసే పనిలో కుదురుకున్నాను. నా వీసా ఇప్పుడు ఆ కంపెనీ చేతిలోనే ఉంది. రాయడం తగ్గింది గానీ దిద్దే జబ్బు తగ్గలేదు. గుడి కరపత్రం దగ్గర్నుంచి పిల్లల కాలేజీ వ్యాసాల దాకా ఊళ్లో మనవాళ్లు ఏం రాసినా ఒకసారి నా దగ్గరికి వచ్చి పోతుంది. మొన్న మార్చిలో కిరణ్ వాళ్ల బామ్మర్ది రెజ్యూమె వచ్చింది. కిరణ్‌ది వరంగల్. మా వీధి చివర ఉంటాడు, నన్ను అన్నా అంటాడు. బామ్మర్ది టెక్సస్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆ రెజ్యూమెలో ‘మేనేజ్డ్’ అన్న మాట పన్నెండు చోట్ల ఉంది. పది కొట్టేశాను.

ఇక కారు. నలభై ఆరో ఏట నాకు హ్యాండ్లింగ్ పిచ్చి పట్టింది. మలుపులో కారు ఒరిగిపోకుండా, చెప్పినమాట విన్నట్టు తిరగడాన్ని హ్యాండ్లింగ్ అంటారు. స్పీడ్ కుర్రాళ్ల సరదా, హ్యాండ్లింగ్ తెలిసినవాళ్ల రుచి అని ఒక ఫోరంలో ఎవరో రాశారు. చదివిన వెంటనే నేను తెలిసినవాణ్ణయిపోయాను. నోవైలో రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మా ఆఫీసుకి పద్నాలుగు మైళ్లు. ఆ పద్నాలుగు మైళ్లలో మలుపులని చెప్పుకోదగ్గవి రెండే, ఫ్రీవే ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి. దిగేచోట పొద్దున పూట కార్లు బారులు తీరి ఆగి ఉంటాయి. అంటే రోజుకి ఒక్క మలుపు. ఆ ఒక్క మలుపు కోసం ఆరు వారాలు పరిశోధన చేశాను.

పాత కారే కొనాలి, ధర అందుబాటులో ఉండాలి, కొంచెం పరిగెత్తేదై ఉండాలి. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్లని అడుగు నుంచి తినేస్తుంది. అందుకని అమ్మేవాళ్లందరినీ అడుగు ఫొటోలే అడిగాను. ఒకాయన పైభాగం ఫొటోలు ఇరవై పంపి, అడుగుది ఒక్కటే పంపాడు, అదీ చీకట్లో తీసింది. ఇంకొకాయన కారు దగ్గరికి స్వయంగా వెళ్లి, కింద తుప్పు మచ్చ కనిపిస్తే వేలితో నొక్కాను. వేలు లోపలికి పోయింది. ఆయన నా వేలు వైపు, నేను ఆయన వైపు కాసేపు చూసుకున్నాం. చివరికి, రోడ్ల మీద ఉప్పు పెద్దగా చల్లని టెనెసీ నుంచి వచ్చిన ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి దొరికింది. తొమ్మిదేళ్ల పాతది, గేర్లు చేత్తో మార్చుకోవాలి, అడుగు అద్దంలా ఉంది. పాత ఓనర్ దానికి ఒక్క మార్పు కూడా చేయలేదు.

ఆ లోటు నేను తీర్చాను. పొట్టి స్ప్రింగులు, గట్టి షాక్ అబ్జార్బర్లు, వెనకవైపు కారు ఒరగకుండా పట్టి ఉంచే లావుపాటి కడ్డీ తెప్పించాను. ఇవన్నీ కలిపితే కారు సస్పెన్షన్. ముందు బంపర్ కింద నల్లటి ప్లాస్టిక్ పెదవి కూడా ఒకటి పెట్టించాను. దానికీ హ్యాండ్లింగ్‌కీ ఏ సంబంధమూ లేదు. ఫొటోల్లో బాగుంటుంది. రోజూ నడిపే కారేనా అని మెకానిక్ రెండుసార్లు అడిగాడు. మొదటిసారి వినపడలేదేమోనని రెండోసారి అడిగాడనుకున్నాను. శుక్రవారం సాయంత్రం నా కారు ఒకటిన్నర అంగుళం కిందికి దిగి ఇంటికి వచ్చింది.

మాధవి దాని చుట్టూ ఒకసారి తిరిగి, తీర్పు చెప్పింది.

“అమ్మకి నడుం నొప్పని తెలుసుగా. రేపు గుడికి ఇందులో తీసుకెళ్లి తీసుకురండి. సాయంత్రం అమ్మ నడుం పట్టుకోకుండా కూర్చుంటే కారు ఉంటుంది. పట్టుకుందంటే ఆదివారం అమ్మకానికి పెట్టేయండి.”

మా అత్తయ్య తెనాలిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. మార్కులు వేయడంలో మొహమాటం లేని మనిషి. ఆరు వారాల శ్రమ ఆవిడ నడుం మీద ఆధారపడి ఉందన్నమాట.

శనివారం పొద్దున మాధవి కూరగాయలకి వెళ్లింది. బయల్దేరే ముందు నేను కొత్త కారు ఫొటో తీసి, మా తెలుగు మిత్రుల గ్రూపులో పెడదామని కూర్చున్నాను. మొదట రాసింది మూడు లైన్లుంది. డెస్కు అలవాటు ఊరుకోనిస్తుందా? ఫొటోలో కనిపించేది కింద మళ్లీ రాయకూడదన్నది మా మొదటి పాఠం. ఫొటోలో కారుంది కనక ‘కారు’ అన్న మాట కొట్టేశాను. దిగిందని కనిపిస్తూనే ఉంది కనక అంగుళాలు కొట్టేశాను. మిగిలింది ఇది:

“సస్పెన్షన్ అయిపోయింది. నిన్న సాయంత్రం దించేశారు. ఇక గట్టిగానే ఉండాలి. అత్తయ్యతో గుడికి వెళ్తున్నాను.”

ఇంతకన్నా ఒక్క మాట తగ్గించలేమని సంతృప్తి కలిగింది. నొక్కాను. కబురు వెళ్లింది, ఫొటో వెళ్లలేదు. అది నేను చూడలేదు.

అత్తయ్య కారులోకి దిగారు. ఎక్కారు అనడానికి వీల్లేదు, అంత కిందుంది. ఫోన్ సీట్ల మధ్య పెట్టాను. మా వీధి దాటగానే మొదటి గుంత వచ్చింది. పాత స్ప్రింగులైతే ఆ గుంత నాకు తెలిసేది కాదు. ఇప్పుడు దాని లోతు, అంచు, వయసు అన్నీ తెలిశాయి. ఫోన్ ఎగిరి సీటు కిందికి పోయింది. అత్తయ్య కళ్లజోడు సరిచేసుకున్నారు. ఆవిడ మనసులో మార్కులు వేస్తున్నారనిపించి, మిగతా పన్నెండు మైళ్లూ గుంతల్ని ముందే చూసి, గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాను. మమ్మల్ని ఒక స్కూల్ బస్సు దాటి వెళ్లింది. తర్వాత ఒక ట్రాక్టరు.

గుడి పార్కింగ్‌లో ఒక్కో స్లాట్ చివర కాంక్రీట్ దిమ్మె ఉంటుంది, చక్రం దాటకుండా ఆపడానికి. ఇంట్లో ఉన్న మా పెద్ద కారుతో ఎన్నోసార్లు ఆ దిమ్మె దాకా వెళ్లి ఆగాను. అదే అలవాటున ముందుకి పోనిచ్చాను. నల్ల పెదవి సుతారంగా దిమ్మె మీదికెక్కి అవతలికి దిగింది. అత్తయ్యని దింపి, ఆవిడ లోపలికి వెళ్లాక కారు సరిగ్గా పెడదామని రివర్స్ వేశాను. పెద్ద చప్పుడు. దిమ్మె పెదవిని పట్టుకుంది. వెనక్కి లాగితే బంపర్ ఊడి వచ్చేలా ఉంది. ముందుకి వెళ్దామంటే పూలమొక్కలున్నాయి.

దిగి, చూడ్డానికి మోకాళ్ల మీద కూర్చున్నాను. కనపడలేదు. నుదురు నేలకి ఆనించాను. నా ఎదురుగా సరిగ్గా గుడి గోపురం ఉంది. ఆ భంగిమలో కిరణ్ నన్ను చూశాడు.

అతను భార్య స్వప్నతో, ఒక పులిహోర డబ్బాతో వచ్చాడు. పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది. స్వప్న నా వైపు ఒకసారి చూసి, కళ్లు తుడుచుకుని, అత్తయ్య కోసం గబగబా లోపలికి వెళ్లింది. బంపర్ కోసం ఏడవడం ఎక్కువే అనుకున్నాను గానీ, మనసుకి హాయిగానే అనిపించింది.

కిరణ్ నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. “ఎన్నిసార్లు ఫోన్ చేసిన అన్నా. ఎత్తవేంది?”

“సీటు కిందుంది. ఇరుక్కుపోయాను కిరణ్. వెనక్కి రాలేను, ముందుకి పోలేను.”

“మనందరిదీ గదే కథ అన్నా,” అన్నాడు. అతని కారు అటు పక్కన చక్కగా నిలబడి ఉంది. “ఇంతకీ ఎవలు చేసిన్రు?”

“ఎవరో ఏంటి, నేనే చేసుకున్నాను. మాధవి మొదట్నుంచీ వద్దంటూనే ఉంది.”

“వదినకు ఎరికేనా?”

“దించిన సంగతి తెలుసు. ఇరుక్కున్న సంగతి తెలీదు.”

కిరణ్ పెద్దగా నిట్టూర్చాడు. “పరేషాన్ గాకు. అరవై రోజులుంటయి గదా.”

“లేదయ్యా, ముప్పయ్యే. అది కూడా పెట్టె విప్పకుండా ఉంటేనే వెనక్కి తీసుకుంటారట.”

అతనికి ఇది అర్థం కాలేదు. దుఃఖంలో ఉన్న మనిషి మాటలకి అర్థం వెతకకూడదనుకున్నట్టున్నాడు. మీ మేనేజర్ పేరేంటి, ఈమెయిల్ ఏంటి అని అడిగాడు. బంపర్‌కీ మేనేజర్‌కీ ఏమిటి సంబంధమని అడిగితే, “నేనొక మాట రాస్త అన్నా, మనోళ్లకు మనమే గదా” అన్నాడు. మా మేనేజర్ డేవ్‌కి పాత కార్ల పిచ్చి ఉందని అతనికి ఎప్పుడో చెప్పినట్టు గుర్తు. సలహా అడుగుతాడేమోనని ఈమెయిల్ చెప్పాను. కిరణ్ పక్కకి వెళ్లి ఫోన్‌లో ఏదో టైప్ చేశాడు. కారుని లాగే టో ట్రక్‌ని కూడా పిలుస్తున్నాడేమో, ఎంత మంచివాడు అనుకున్నాను.

అప్పుడు గుళ్లోంచి అత్తయ్య వచ్చారు. స్వప్న ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వాళ్ల వెనక ప్రసాదం చేతుల్లో పెట్టుకుని మరో ఏడెనిమిది మంది. అత్తయ్య ముఖంలో ఏ కంగారూ లేదు.

“సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోయినట్టు కాదమ్మా,” అని స్వప్నకి వివరిస్తున్నారు. “ఎంక్వైరీ అయ్యేదాకా సగం జీతం వస్తుంది. మా స్కూల్లో డ్రిల్ మాస్టారు పద్నాలుగు నెలలు సగం జీతం తీసుకుని, ఆ టైములో ఇల్లు కట్టుకున్నాడు.” నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. “ఏం తప్పు చేశావు నాయనా? నాతో చెప్పు. మాధవికి నేను సర్దిచెప్తాను.”

నేను ఆవిడ వైపు చూశాను. కిరణ్ వైపు చూశాను. పులిహోర డబ్బా వైపు చూశాను. ఒక్కొక్కటే లెక్క కుదిరింది; అరవై రోజులంటే, ఉద్యోగం పోయిన వీసావాళ్లని దేశంలో ఉండనిచ్చే గడువు. లేచి, చక్రం పైన ఉన్న ఖాళీలో చెయ్యి పెట్టి, “సస్పెన్షన్ ఇదండీ,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అదే బాధ. వాళ్ల ముఖాల్లో కనిపించింది నిరాశ. లేఆఫ్ అనడానికి నామోషీ పడి సస్పెన్షన్ అని రాశాడు పాపం, పేపరు మనిషి గదా అని అప్పటిదాకా నా గురించి ఎంత గౌరవంగా మాట్లాడుకున్నారో తర్వాత తెలిసింది. ఒకాయన అయితే నాకోసం అర్చన కూడా చేయించేశాడు, నా నక్షత్రం తెలియక తన నక్షత్రంతో. చివరికి నలుగురు మగవాళ్లు ప్రసాదం దొన్నెలు పక్కన పెట్టి బంపర్ పైకెత్తి పట్టుకుంటే, నేను వెనక్కి తీశాను. నల్ల పెదవి మాత్రం దిమ్మె మీదే ఉండిపోయింది. కిరణ్ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి మాధవికి ఆరుగురు ఫోన్ చేసి ఉన్నారు. ఇద్దరు ధైర్యం చెప్పారు. ఒకావిడ, మీ వీసా మీద ఆయన్ని హెచ్-ఫోర్‌కి, అదే డిపెండెంట్ వీసాకి, మార్చేయండి, మగవాళ్లకి మొదట్లో కష్టంగా ఉంటుంది గానీ అలవాటైపోతారు అని చెప్పింది. మాధవి నా కబురుని పైకి చదివింది, నెమ్మదిగా, ప్రూఫ్ చదివినట్టు.

“ఏవండీ, ఇందులో కర్త ఏది?”

నేను ఫొటో గురించి చెప్పబోయాను.

“పదిహేడేళ్లు పేపర్లో చేశారు. ఎవరిని దించారో, ఏది గట్టిగా ఉండాలో లేదు. పక్కింటి పిల్లాడు రాసిస్తే మీరు ఒప్పుకునేవారా?”

సాయంత్రం ఆరింటికి అత్తయ్య నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. రెండు చేతులూ చిక్కుడుకాయల మీదే ఉన్నాయి, నడుం మీద లేవు. మాధవి అడిగితే తల ఎత్తకుండానే చెప్పారు. “మీ పెద్ద కారులో దూది బస్తాలో కూరుకుపోయినట్టుంటుంది, దాంట్లోనే నాకు నొప్పి. ఇది చెక్కబల్ల మీద కూర్చున్నట్టుంది. ముప్పై ఏళ్లు చెక్కబల్ల మీదే కూర్చున్నాను. నడుం బానే ఉంది. మీ ఆయన గొప్పే కింద తగులుతోంది.”

మాధవి మాట మీద నిలబడే మనిషి. “సరే, కారు ఉండనివ్వండి,” అంది. “సస్పెన్షన్ మాత్రం ఎత్తేయండి.”

డెస్కులో ఉండగా ‘సస్పెన్షన్ ఎత్తివేత’ అని ఎన్ని శీర్షికలు పెట్టానో లెక్కలేదు. నిజంగా జాకీ పెట్టి ఎత్తాల్సి రావడం ఇదే మొదలు. సోమవారం పాత స్ప్రింగులు తిరిగి వేయించాను. మెకానిక్ ఈసారి ఏమీ అడగలేదు. పాత స్ప్రింగుల్ని పారేయకుండా, నా పేరు రాసి పెట్టి ఉంచాడు.

ఆ రాత్రే గ్రూపులో సవరణ వేశాను. కర్త, కర్మ, క్రియ, అంగుళాలు అన్నీ ఉన్న పూర్తి వాక్యం, ఫొటోతో సహా. అత్తయ్య ఒక బొటనవేలు పెట్టారు. ఇంకెవరూ చదివినట్టు లేదు. సవరణలెవరూ చదవరని పదిహేడేళ్లుగా తెలిసిన సంగతే. బుధవారం కూరగాయల షాపులో ఒకాయన నా బుట్ట బిల్లు తనే కట్టేస్తానని పట్టుబట్టాడు.

గురువారం డేవ్‌తో నా వారం వారం మీటింగ్. మాన్యువల్ సంగతులయ్యాక, ఉద్యోగం మానేసే ఆలోచన ఏమైనా ఉందా అని మామూలుగా అడిగాడు. లేదన్నాను. నీ పొజిషన్ ఖాళీ అవుతోందని విన్నానంటూ శనివారం ఎవరో ఒక రెజ్యూమె పంపారని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. వచ్చిన టైము మధ్యాహ్నం పన్నెండూ పద్నాలుగు.

చాలా శుభ్రంగా రాశాడు, ఇలాంటి రెజ్యూమె అరుదుగా వస్తుందన్నాడు డేవ్. నేను పైనుంచి కింది దాకా చదివాను. ‘మేనేజ్డ్’ అన్న మాట రెండే చోట్ల ఉంది.