నేల వంకర కాదు

ఒక నాట్య కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి అందినట్టు ఒక ముక్క వచ్చింది, తక్కిన మూడింటికి అదీ లేదు. నా మాట వినే తీరిక వాళ్లకు ఎలాగూ లేదు కనుక నా ఈడువాళ్లు మీరైనా వినండి.

పోయిన నెల మా అమ్మాయి ఒక పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఇప్పుడు నేను కెనడాలో, ఓక్‌విల్‌లో వాళ్లింట్లోనే ఉంటున్నాను. లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చి, ఈ దేశంలో బాలే నాట్యం చూడని వాళ్లకు కూడా పేరు తెలిసేంత గొప్పవాడైన ఒక నర్తకుడి మీద ఆయన కంపెనీ వేసిన పుస్తకం అది. అందులో ఆయన తన నోటితోనే చెప్పుకున్నాడు, కెనడా వచ్చిన మొదటి వారం రిహార్సల్లో పడిపోయానని, స్టేజీ నేల వంకరగా వేయడమే అందుకు కారణమని. ఆ నేల వేయించింది నేను.

“నాన్నా, ఇట్స్ సో ఓల్డ్, జస్ట్ డ్రాప్ ఇట్” అంది అమ్మాయి. పక్కనుంచి వాళ్లమ్మ, “ఆయన వదలరే, ఆ నేలకి ఆయన కాపలా” అని ఎత్తిపొడిచింది.

అప్పట్లో నేను లండన్‌లో, అదే మన ఒంటారియో లండన్‌లో, ఒక థియేటర్ భవనం బాగోగులు చూసే ఇంజనీరుని. ఆ వేసవిలో స్టేజీ పాత చెక్క పీకించి, కొత్త పలకలు దగ్గరుండి పరిపించాను. ఆకులు రాలే రోజుల్లో ఆయన వచ్చాడు. నాకు బాలే అంటే ఏమిటో తెలియదు. అయినా ఆయన మొదటిసారి గాలిలోకి లేచినప్పుడు చేతిలో ఉన్న తాళాల గుత్తి సంగతి మరిచిపోయి నిలబడిపోయాను, ఎందుకంటే ఆ మనిషి పైకి వెళ్లి అక్కడ కాసేపు ఆగి, తీరిక చేసుకుని దిగుతున్నట్టు ఉండేది. రెండో రోజు అలా దిగుతూనే వెల్లకిలా పడ్డాడు. అందరి కళ్లూ నా వైపు తిరిగాయి.

ఇంటికి వెళ్లి మా నాన్న రసమట్టం తెచ్చాను. ఆయన బెజవాడలో తాపీ మేస్త్రీ, నాకు మిగిల్చిన ఆస్తి అదొక్కటే. స్టేజీ ఈ మూల నుంచి ఆ మూల దాకా అడుగడుగునా పెట్టి చూపించాను. గాజు గొట్టంలో బుడగ నడిమధ్య నుంచి కదల్లేదు. మేనేజరు వంగి చూడనైనా లేదు. ఆ నర్తకుడు మాత్రం బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఆ బుడగనే చాలాసేపు చూశాడు.

నాకు మా కొండ గుర్తొచ్చింది. బెజవాడలో మా ఇల్లు కొండవాలు మీద ఉండేది. దిగేటప్పుడు ముందుకి తూలకుండా ఒళ్లు వెనక్కి వేసి నడవడం ఎంత అలవాటంటే, బజారులో చదును రోడ్డు మీద కూడా మా కొండవాళ్లని నడకని బట్టి పోల్చేసేవాళ్లు. మీ ఊళ్లో స్టేజీ వాలుగా ఉంటుందా అని ఆయన్ని అడిగాను. ఉంటుందట, జనం వైపు కిందికి దిగుతూ, చిన్నప్పటి నుంచీ దాని మీదే ఆడాడట. నేను మా కొండ దిగే నడక నడిచి చూపించాను. ఆయన పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయి, తన నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆ తరవాత మూడు వారాలు, ఎవరూ రాకముందే పొద్దున్నే తలుపు తీసేవాణ్ణి. ఆయన ఎగిరి దిగి, తన వచ్చీరాని ఇంగ్లీషులో “కొండా?” అని అడిగేవాడు. ఒళ్లు వెనక్కి వాలితే “కొండే” అనేవాణ్ణి, సరిగ్గా ఉంటే అరచెయ్యి బల్లపరుపుగా చాపి చూపించేవాణ్ణి. అంత పెద్ద కళాకారుడికి కళ్లు నేనైన ఆ పొద్దుల్లాంటివి మళ్లీ నా ఉద్యోగంలో రాలేదు.

కాని నేల లోపమని నా ఫైల్లోకి ఒక కాగితం ఎక్కింది. కొత్తగా వచ్చినవాడి పేరు పాడవుతుంది, ఊరుకోండి అన్నాడు మేనేజరు. ఆ నర్తకుడేమో నా రెండు చేతులూ పట్టుకుని, నిజం ఒకరోజు తానే చెబుతానన్నాడు. ఆ మాట మీద ఊరుకున్నాను. తరవాత ఎన్నో ఏళ్లు రాకుమారుడి వేషాలన్నీ ఆయనవే. ఆ స్టేజీ మీద ఆడిన ప్రతిసారీ తెర లేవబోయే ముందు పక్కకి తిరిగి నన్ను వెతికేవాడు, నేను అరచెయ్యి చాపేవాణ్ణి. మోకాలు దెబ్బతిని ఆట మానేసేదాకా అంతే. ఆ ఒకరోజు మాత్రం రాలేదు.

“ఆడలేక మద్దెల ఓడన్నాడు, పోనిద్దురూ” అంటుంది మా ఆవిడ. ఆడలేనివాడైతే ఎప్పుడో పోనిచ్చేవాణ్ణి. ఆయనలా ఆడినవాణ్ణి నేను చూడలేదు, అదే నా బాధ.

పోయిన వారం ఆ పుస్తకం సభకి అమ్మాయిని బతిమాలి వెళ్లాను. అదే థియేటరు. నేల మళ్లీ మార్చారట, లేజర్‌తో కొలిచారట. చెంప ఆనించి చూడవలసిన పని ఇప్పుడు ఎవరికీ లేదు. పొద్దున్నే పక్కన కూర్చుని ఒకడి ఒళ్లు ఎటు వాలుతుందో చూసే తీరిక కూడా ఎవరికీ లేదేమో. ఆయన చేతికర్రతో స్టేజీ మీదికి వచ్చి నిలబడ్డాడు. ముసలితనంలో ఒళ్లు మళ్లీ కొండ దిగుతోంది. చివరి వరసలో లేచి నిలబడి, నా ప్రమేయం లేకుండానే అరచెయ్యి చాపాను. చప్పట్ల మధ్య ఆయన ఒక్క క్షణం ఆగి, నడుము సర్దుకుని, నిటారుగా నిలబడ్డాడు.

ఇదంతా అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించి ఐదో ఉత్తరంగా పంపుతున్నాను. కంపెనీకి కాదు, నేరుగా ఆ నర్తకుడికే. అయ్యా, మీరు నా చెయ్యి చూశారు. రసమట్టం నా బల్ల మీదే ఉంది, బుడగ ఇప్పటికీ మధ్యలోనే నిలుస్తోంది. నేల వంకరా, కాదా? మీరే చెబుతానన్నారు, చెప్పండి.