నా వెంట నడిచిన చచ్చిన ఎలుక

లేని ఎలుక కోసం ఇల్లంతా తిరగేసి, పక్కింటాయనతో గొడవ పెట్టుకుని, చివరికి సొంత కాలు పోగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. ఆ వైనం చెబుతాను, వినండి. అన్నం తింటూ మాత్రం చదవకండి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. నరసరావుపేటలో రెండు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పక్క వాటాలో మోటార్లు బాగుచేసే మస్తాన్ అన్న కుటుంబం. నా పని ఇళ్ళకు నాపరాళ్ళు పరవడం. రొంపిచెర్లలో ఒకరింట పని చేస్తుండగా రాయి జారి, దాని అంచు ఎడమకాలి పిక్కను చీరేసింది. నా భార్య కోటేశ్వరి పోరగా పోరగా ఆస్పత్రికి వెళ్ళి కట్టు కట్టించుకున్నాను. ధనుర్వాతం రాకుండా టీటీ సూది కూడా వేశారు. కట్టు మార్చడానికి మళ్ళీ రమ్మంటే బుద్ధిగా తలూపి వచ్చేశాను. మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు. టీటీ పడ్డాక ఆ గాయం జోలికి ఏ రోగమూ రాదని నా గట్టి నమ్మకం.

పైగా నా తెలివి ఒకటి తోడైంది. కట్టు తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి పనిలోకి దిగాను. ఇంకేముంది, చెమటకి, రాతిదుమ్ముకి, జాడీలో ఆవకాయ ఊరినట్టు లోపల గాయం ఊరసాగింది.

విప్పి చూద్దామని కోటేశ్వరి రోజూ అనేది. గాలి తగిలితే పాడైపోతుందని నేను రోజూ కసిరేవాణ్ణి. కాలు బరువెక్కింది. రాళ్ళు మోసేవాడి కాలు బరువెక్కక ఏం చేస్తుంది? గాయం సలపడం మొదలుపెట్టింది. సలుపుతోందంటే మానుతున్నట్టే. ఒళ్ళు వెచ్చబడింది. పల్నాడు ఎండల్లో ఎవరి ఒళ్ళు చల్లగా ఉంటుంది చెప్పండి? గజ్జల్లో బిళ్ళ కట్టింది. నరం పట్టిందనుకున్నాను. ఇన్ని అబద్ధాలు పరాయివాళ్ళకు చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట పట్టుబడేవాణ్ణి. నాకు నేనే చెప్పుకున్నాను గనక హాయిగా సాగిపోయాయి.

అప్పుడు మొదలైంది వాసన.

మంచం కింద ఎలుక చచ్చిందని నేను తీర్మానించాను. కోటేశ్వరి మంచం ఎత్తి ఊడ్చింది, ఏమీ లేదు. అయితే బీరువా వెనకే అన్నాను. మస్తాన్ అన్న పనిమానుకుని వచ్చి బీరువా జరిపాడు. అటక ఎక్కి బిందెలన్నీ దించాడు. నేను మాత్రం కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని, మేస్త్రీలాగా పురమాయిస్తున్నాను. ఎంత వెతికినా ఎలుక దొరకలేదు. దొరక్కపోయేసరికి నాకు ఒళ్ళు మండింది. మీ వాటాలో పెట్టిన మందు తిని మా వాటాలో చచ్చిందని మస్తాన్ అన్న మీదే విరుచుకుపడ్డాను. చంటిపిల్లలున్న ఇంట్లో ఎలుకల మందెందుకు పెడతానని ఆయన మెల్లిగానే చెప్పాడు. నేను వినలేదు. ఆయన తాగబోయిన టీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. కోటేశ్వరి సిగ్గుతో తలెత్తలేకపోయింది.

ఈ కొంపలో ఉండలేనంటూ కుర్చీ వరండాలోకి వేయించుకున్నాను. కాసేపటికి అక్కడా అదే కంపు.

"కోటేశ్వరీ, ఎలుక వరండాలో ఉందే," అన్నాను.

ఆమె గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "ఇందాక మంచం కింద అన్నావు. తర్వాత బీరువా ఎనక అన్నావు. ఇప్పుడు వరండా అంటుండావు. చచ్చిన ఎలుక నడుస్తుందా?"

"అంటే ఏంది నీ ఉద్దేశం?"

"నువ్వు కూర్చున్న కాడికల్లా వస్తుంది గదా. కాలు ఇటు పెట్టు."

కవరు కోసి కట్టు విప్పింది. పిక్క ఎర్రగా ఉబ్బి, పెనంలా కాలుతోంది. గాయం నిండా చీము. అక్కడినుంచి ఒక ఎర్రటి చార మోకాలి పైకి పాకింది. అంత చూశాక కూడా నేను, చీము పడితే మంచిదే, చెడంతా పోతుందన్నాను. ఆమె నాతో వాదించలేదు. తిన్నగా పోయి మస్తాన్ అన్న తలుపు తట్టింది.

ఆయన బండి తీశాడు. వెనక కోటేశ్వరి పట్టుకుంటే, మధ్యలో నేను. ముక్కు ఓ పక్కకు తిప్పుకునే నడిపాడు పాపం. "అన్నా, ఆ ఎలుకమందు మాట..." అని గొణిగాను.

"ముందు కాలు చూపించుకో శీనూ. నన్ను తిట్టేది తర్వాతైనా తిట్టొచ్చు," అన్నాడు.

డాక్టరు గాయం చూసి, బిళ్ళ తడిమి, జ్వరం ఎంతుందో చూసి నా మొహంలోకి చూశాడు. మానే గాయానికి ఎరుపు, వాపు, నొప్పి రోజురోజుకీ తగ్గాలని, పెరుగుతున్నాయంటే లోపల చెడుతున్నట్టేనని చెప్పాడు. ఇంకా ఆలస్యం చేస్తే కాలే కాదు, ప్రాణం మీదికి వచ్చేదన్నాడు. కోటేశ్వరి నా చొక్కా కొస గట్టిగా పట్టుకుంది.

"ఇంత వాసన వస్తుంటే ఎలా ఊరుకున్నాడమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఊరుకోలేదండీ," అంది కోటేశ్వరి. "ఇల్లంతా సర్దించాడు."

బయట నిలబడ్డ మస్తాన్ అన్న నవ్వు లోపలికి వినిపించింది.

మంచాన పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించారు. గాయం కడుగుతుంటే పైప్రాణాలు పైనే పోయాయి. ఆ మంటలోనే కళ్ళు మూసుకుని, ఎదురుగా ఉన్న నర్సమ్మ సాక్షిగా గట్టిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నా ఒంటి మీద ఏ చిన్న గీత పడ్డా చెప్పిన రోజుకి పోయి విప్పి చూపించుకుంటాననీ, కంపు కొడితే ఇరుగుపొరుగును అనుమానించే ముందు నా ఒంటిని నేనే వాసన చూసుకుంటాననీ.

నర్సమ్మ అంతా విని, "కాలు కదపబాక," అంది.