వదినా నేనూ పరిగెత్తిన పందెం

పొద్దున్నే స్కూల్ గ్రౌండ్‌లో పిల్లల్ని వరుసలో నిలబెడుతుండగా ఫోన్ వచ్చింది. హైదరాబాద్ దవాఖాన నుంచి మా మేనకోడలు. "అత్తా, అమ్మ ఇగ లేదు" అంది. విజిల్ నా నోట్లోనే ఉంది. తియ్యాలని కూడా తోచలేదు. నా ఊపిరికి అది సన్నగా మోగుతుంటే, అవతల ఆ పిల్ల "అత్తా, అత్తా" అని పిలుస్తూనే ఉంది.

మా వదిన పోయి నెల కావస్తోంది. సూర్యాపేటలో ఆమె చేత జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఆమె నాతో కలిసి ఒక పందెం పరిగెత్తిందని వాళ్లలో ఎవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

వదినది కోదాడ దగ్గర కాలువ పక్క ఊరు. గేదెలు మేపుతూ, వాటితోపాటే నీళ్లలోకి దిగి ఈత నేర్చుకుందట. మాది మాడుగులపల్లి దగ్గర. మా ఇంట్లో అందరం గొర్రెల వెంట పెరిగినవాళ్లమే, ఒక్కరికీ ఈత రాదు. మా అన్న పొలానికి కాలువ నుంచి మోటారు పెట్టుకున్నాడు. ఒక యాసంగి పంట కాలంలో, పైపు చివర నీటి అడుగున ఉండే జాలికి నాచు పట్టి నీళ్లు రాకపోతే, తీద్దామని దిగాడు. కాలు జారింది. మూడు రోజులకు దొరికాడు. వదిన ఆ రోజు పుట్టింట్లో ఉంది. "నేనుంటే దూకేదాన్ని" అని ఒక్కసారే అంది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో పీఈటీ టీచర్‌ని. పెళ్లి వద్దనుకుని కిరాయి ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. వదిన కూతుర్ని తీసుకుని నా దగ్గరికి వచ్చేసింది. ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుంది. సూది పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడేది. కోపమొస్తే మాట ఆపి మిషన్ గట్టిగా తొక్కేది. వంటింట్లో ఉన్న నాకు ఆ చప్పుడే చాలు, ఎంత కోపంగా ఉందో తెలిసిపోయేది.

రెండేళ్ల కిందట మిర్యాలగూడ దగ్గర ఒక ట్రయథ్లాన్ పెడుతున్నారని తెలిసింది. ఈత, సైకిల్, పరుగు ఆపకుండా ఒకదాని వెంట ఒకటి చెయ్యాలి. అదీ రోడ్డు మీద కాదు. చెరువు ఈది, కాలువ గట్టున సైకిల్ తొక్కి, గుట్ట ఎక్కి దిగాలి. జంటగా పేరిస్తే చివరిదాకా ఇద్దరూ కలిసే ఉండాలి, ఒకరు ఆగితే ఇద్దరూ ఔట్. ఇదంతా నేను ఊరికే చెప్పాను. వదిన మిషన్ ఆపింది.

"మనం పోదాం" అంది.

"నాకు ఈత రాదు కదా వదినా."

"నేను నేర్పిస్తా. కుట్టీ కుట్టీ నా ప్రాణం విసిగిపోయింది పిల్లా. ఒక్కరోజన్నా ఊపిరాడకుండా ఏదో ఒకటి చెయ్యాలి. లేకపోతే నాకు పిచ్చెక్కుద్ది."

మా అమ్మ ఊరి నుంచి వచ్చి గొడవ చేసింది. "నీ మొగుని మింగిన నీళ్లల్ల నీకు ఆటలేందే?"

"నీళ్లేం మింగలేదత్తయ్యా. ఆయనకి ఈత రాదు, నడుముకి తాడు లేదు. అంతే" అంది వదిన.

చివ్వెంల దగ్గర తెలిసినవాళ్ల వ్యవసాయ బావిలో నాకు ఈత నేర్పింది. నీళ్లు ఛాతీ దాకా రాగానే నాకు అన్న గుర్తొచ్చేవాడు. మెట్టు పట్టుకుని ఏడ్చేదాన్ని. వదిన ఓదార్చేది కాదు. "ఏడుపొస్తే ఏడువు. కాళ్లు మాత్రం ఆడించు" అనేది. అట్లా ఏడుస్తూనే నేర్చుకున్నాను.

పందెం రోజున చెరువులోకి దిగినవాళ్లలో మాకంటే పెద్దవాళ్లు లేరు. మధ్యలోకి వెళ్లాక నా కాలికి తీగేదో చుట్టుకుంది. నోట్లోకి నీళ్లు వెళ్లాయి. ఇంక అంతే అనుకున్నాను. వదిన వెనక్కి తిరిగి వచ్చి నన్ను పట్టుకోకుండా పక్కనే తేలుతూ, "నా మొహం చూడు. ఒడ్డు చూడకు, నా మొహమే చూడు" అంటూ ఉంది. ఆ మొహాన్నే చూస్తూ, కాళ్లాడించి తీగ వదిలించుకుని ఒడ్డుకు చేరాను. అందరికంటే చివర.

సైకిళ్లు ఎక్కి కాలువ గట్టు మీదికి వచ్చాం. ఎండ ముదిరింది. గట్టు పొడవునా మోటార్లు, కాలువలోకి దిగిన పైపులు. ఒకచోట ఒక పెద్దమనిషి పైపు పట్టుకుని, నడుము లోతు నీళ్లలో నిలబడి, కాలితో అడుగున వెతుకుతున్నాడు. నా ముందు పోతున్న వదిన సైకిల్‌ని అక్కడే పడేసింది.

"ఎక్కన్నా పైకి! ముందు పైకి ఎక్కు!"

ఆయన బిత్తరపోయాడు. "ఏంగాదు బిడ్డా, నేను రోజు దిగెటోన్నే."

"మా ఆయన కూడా రోజూ దిగేవాడే!"

ఆ అరుపు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆయన మెల్లగా గట్టెక్కాడు. కానీ ఆయన బాధ ఆయనది. "వరి పొట్ట మీదున్నది. నాచు తియ్యకుంటె మోటర్ కాలిపోతది. నువ్వు తీస్తవా మరి?" అన్నాడు.

"తీస్తా. తాడుందా?"

నేను చెయ్యి పట్టుకుని లాగాను. "వద్దు వదినా. నీ కాళ్లు మొక్కుత, వద్దు" అన్నాను. ఆమె వినే స్థితిలో లేదు. షెడ్డులో ఉన్న ఎద్దుల పగ్గం తెచ్చి నడుముకు కట్టుకుంది. రెండో కొస తుమ్మచెట్టుకు చుట్టి నేనూ ఆయనా పట్టుకున్నాం. వదిన బూట్లు విప్పి దిగింది. పైపు పట్టుకుని తల ముంచింది.

నీళ్ల వడికి పగ్గం ఏటవాలుగా లాక్కుపోయింది. నా అరచేతులు కాలాయి. ఉన్నట్టుండి అది వదులైంది. బిగుసుకున్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. "వదినా!" అని అరిచాను. కాలువ తన దారిన తాను పోతోంది. ఇంట్లో ఉన్న ఆమె కూతురికి ఏం చెప్పాలి, ఆ ఒక్కటే నా తలలో తిరిగింది. అప్పుడు పైపు పక్కన మొదట చెయ్యి లేచింది, తర్వాత తల.

గట్టు మీదికి లాగాక ఆమె పిడికిలి తెరిచింది. గుప్పెడు నల్లటి నాచు, చిరిగిన పాలిథిన్ కవర్లు.

"ఇంతేనా పిల్లా?" అంది. "అక్కడ ఉన్నది ఇంతే. ఇంత దానికా మనిషి పోయింది?"

మట్టిలో కూర్చుని ఏడ్చింది. అన్న పోయినప్పుడు నలుగురి మధ్యా ఏడ్చిన ఏడుపు కాదది. నేను పక్కన కూర్చున్నాను. ఆ పెద్దమనిషి మోటారు వెయ్యలేదు. తలపాగా విప్పి వదిన భుజాల మీద కప్పాడు. తర్వాత ఆ పగ్గాన్ని షెడ్డులోకి తీసుకుపోకుండా పైపుకే కట్టేశాడు.

నిర్వాహకుల కుర్రాడు బైక్ మీద మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. "మేడం, టైమ్ అయిపోయింది. మీరు ఔట్. జీపు పిలుస్త, ఎక్కున్రి."

"నువ్వు ఎక్కుతావా?" అని వదిన నన్ను అడిగింది.

"నువ్వు?"

"జీపెక్కితే ఏముంది పిల్లా, మళ్లీ ఆ మిషనే గదా."

మళ్లీ సైకిళ్లెక్కాం. వదిన బూటు ఒకటి గట్టు మీంచి జారి కాలువలో కొట్టుకుపోయింది. రెండోది కూడా అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో తొక్కింది. గుట్ట కింద సైకిళ్లు దిగి ఉత్త కాళ్లతోనే పరుగెత్తింది. కొంతసేపు పరుగు, కొంతసేపు పాకడం. సీసాలో నీళ్లు అయిపోయాయి. ముళ్ల కంపల మధ్య దారి తప్పి మళ్లీ దొరకబుచ్చుకున్నాం. నాకు వాంతి అయింది. వదిన నా మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

కిందికి దిగేసరికి షామియానా విప్పేస్తున్నారు. అదే కుర్రాడు ఒక పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. సున్నంతో వేసిన గీత అందరి కాళ్ల కింద చెరిగిపోయింది. "గీత ఇక్కడేనా తమ్ముడూ?" అని వదిన అడిగింది. "గాడనే అక్కా, గాడనే" అన్నాడతను. ఉందనుకున్నచోట ఇద్దరం కలిసి దాటాం.

పోయిన వానాకాలంలో కడుపులో నొప్పి అంది. మిర్యాలగూడలో చూపించాం, సూర్యాపేటలో చూపించాం, చివరికి హైదరాబాద్ తీసుకుపోయాం. జబ్బు అప్పటికే కాలేయానికి పాకింది. రాష్ట్రం వచ్చిందని దవాఖాన బయట పటాకులు కాలుస్తున్న రోజున వదినకు గుక్కెడు నీళ్లు కూడా లోపల నిలవడం లేదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "పిల్లా, నాకు పోవాలని లేదు" అంది. రోజూ గ్రౌండ్‌లో పిల్లలకు ధైర్యం చెప్పేదాన్ని, ఆమె దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

"ఏదో ఒకటి చెప్పు" అంది.

"ఏం చెప్పాలె వదినా?"

"ఆ బస్సు సంగతి చెప్పు."

అది ఆమెకు నేను చెబితేనే తెలుసు. అప్పుడామె నిద్రలో ఉంది. అందుకే మళ్లీ మళ్లీ అడిగేది. వెళ్లిపోయే ముందు రోజు, నేను బడికని సూర్యాపేటకు బయల్దేరబోతుంటే కూడా అడిగింది. నేను చెప్పాను.

పందెం అయిన సాయంత్రం మిర్యాలగూడ నుంచి బస్సెక్కాం. సైకిళ్లు బస్సు పైన వేశారు. కూర్చోగానే వదిన కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కాళ్లు చాచుకుంటూ చాచుకుంటూ ఎదుటి సీట్లో ఉన్న ముసలమ్మకు తగిలించింది. ఎవరో గొర్లకాపరుల ఇంటి మనిషి, చేతులకు కడియాలు. నేను సిగ్గుపడి వదినను లేపబోయాను. ముసలమ్మ వేలితో వద్దని సైగ చేసింది. వదిన పాదాలను తన ఒళ్లోకి ఎత్తుకుంది. కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. కొంగుకున్న పిన్నీసు తీసి ఒక్కో ముల్లే పైకి లాగడం మొదలుపెట్టింది.

"ఎంత దూరం నడిచిందో బిడ్డ" అంది తనలో తాను.

బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా పిన్నీసు ఆపేది. కుదురుకోగానే మళ్లీ వంగేది. ముల్లు వచ్చినచోట కొంగుతో అద్ది, కిటికీలోంచి దాన్ని బయట పారేసేది. బయట పొద్దు గుంకుతోంది. వదిన నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా, కదలకుండా నిద్రపోతూనే ఉంది.