ఆపకుండా తిట్టు తల్లీ

తలకోన అడవిలో ఒక ఫారెస్టు వాచరు ఎలుగుబంటి పేరు చెప్పి నా నోరు మూయించాడని మా ఆయన ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. శుద్ధ అబద్ధం. ఆ వాచరు నన్ను మాట్లాడమన్నాడు.

జలపాతం చూసి అడవిదారిన దిగుతూ మా ఆయనతో గొడవపడి నేను బండమీద కూర్చుండిపోయాను. ఆయన పిల్లలతో ముందుకు వెళ్లిపోయాడు. పొద్దున్నుంచీ అందరికన్నా వెనకే నడుస్తున్న వాచరు మాత్రం ఆగాడు. ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"లెయ్ తల్లీ. ఎనక్కి సూడొద్దు. గట్టిగా మాట్లాడతా నడువు."

"ఏం మాట్లాడేది?"

"మీ ఆయన్ను తిడతాంటివే, అదే కానీ. ఆపొద్దు. మనిసి గొంతు ఇనిపిస్తాంటే ఏదీ దగ్గరికి రాదు."

మా ఆయన ఏడు తరాలనూ తిడుతూ నడిచాను. నేను ఆగినప్పుడల్లా వాచరు వెనకనుంచి "ఊఁ, ఇంకా" అనేవాడు. ఎండుటాకుల మీద నడుస్తున్నది మేమిద్దరమే కాదనిపించింది.

బస్సు దగ్గరికి చేరాక వాచరు బీడీ వెలిగించబోయాడు. చేతులు నిలవక అగ్గిపుల్లలు విరిగిపోయాయి. వెనక ఏముండిందని అడిగాను.

"ఏం లేదులే తల్లీ, బస్సెక్కు."

ఎలుగుబంటి ఉందా లేదా అన్న వాదన మా ఆయనకే వదిలేశాను. అంత భయపడిన మనిషి, పేరైనా తెలియని నన్ను ముందు నడిపించి తాను వెనక ఎందుకున్నాడు?