పట్టికలో ఏడో గడి

పుల్ల విరిచిన రోజు సాయంత్రం మా అక్క తన భర్త పేరును మొదటిసారి నోటితో పలికింది. అంతకుముందు ఆరేళ్లూ ఆమెకు ఆయన "పిల్ల నాయిన" మాత్రమే. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు చెప్పరు. రేషన్ దుకాణంలో అడిగినా పక్కనున్నవాళ్ల చేత చెప్పిస్తారు. ఆ రోజు అత్తగారి ఊరు రఘునాథపల్లి నుంచి బస్సులో వచ్చి, హనుమకొండ సుబేదారిలో మా అద్దె ఇంటి గడప దాటుతూనే, చంకలోని మూడేళ్ల కూతురిని కిందికి దించి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు ఆ పేరును రెండుసార్లు గట్టిగా పలికింది. ఆ వెంటనే నవ్వింది.

"జర నోరు తేలికైంది తమ్మీ," అన్నది.

మా కులంలో విడాకులు ఇలా జరిగేవి. ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. భార్యాభర్తలు ఒక ఎండు కందిపుల్లను చెరో కొనా పట్టుకుని విరుస్తారు. ఎవరి ముక్కను వారు వెనక్కి చూడకుండా విసిరేస్తారు. ఆడమనిషి పుస్తె, మెట్టెలు తీసి, పెద్దమనిషి పరిచిన తువ్వాల మీద పెడుతుంది. జరిగినదంతా స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కల్లో రాసి అందరూ వేలిముద్రలు వేస్తారు. దాన్ని ఇడుపు కాయితం అంటారు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరైనా మారుమనువు చేసుకోవచ్చు. అక్క కాగితాన్ని చదివి వినిపించింది నేనే. అప్పటికి పాలిటెక్నిక్ ముగించి, కాలువల డ్రాయింగులు గీసే ఒక డివిజన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా మూడో ఏడు నడుస్తోంది. ఆ రాతలో ఎడమ అంచు అరంగుళం వంకర పోయిందని గమనించాను గాని, పిల్ల ప్రస్తావన ఎక్కడా లేదన్న సంగతి గమనించలేదు.

మూడేళ్లు గడిచాయి. అక్క కుట్టుమిషను కొనుక్కుని వీధిలోని ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. పిల్ల బడికి పోసాగింది. మిల్లులో పనిచేసే ఒకతను, భార్య పోయినవాడు, మధ్యవర్తిని పంపి అక్కను అడిగించాడు. పిల్లను కూడా తన ఇంటికే తెచ్చుకోమన్నాడు. అక్క వారం రోజులు ఆలోచించి సరేనన్నది. ఆ కబురు రఘునాథపల్లి చేరిన నెలకు మాకు కోర్టు నోటీసు వచ్చింది. తన భార్య అకారణంగా పుట్టింట్లో ఉంటున్నదనీ, ఆమెను కాపురానికి పంపించాలనీ పిల్ల తండ్రి దావా. పుల్ల విరిచిన మాట అందులో ఒక్క అక్షరం లేదు.

వకీలు సారు హనుమకొండలో పేరున్న మనిషి. నోటీసు చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"కాపురానికి పంపమనే ఈ సెక్షన్ ఎక్కడిదో ఎరుకేనా? మన ధర్మశాస్త్రంల లేదు. ఇంగ్లండుల చర్చి కోర్టులు పెట్టిన కానూను. వాళ్లు తీసి అవతల పారేసిన్రు, మనం పట్టుకోని కూసున్నం. ఆ మధ్య మన హైకోర్టు కొట్టేసింది, పై కోర్టు మల్ల నిలబెట్టింది."

"మరి మా ఇడుపు కాయితం, సార్?"

"చెల్లుతది. కులాచారం ప్రకారం విడిపోతే హిందూ వివాహ చట్టం ఒప్పుకుంటది. కని ఆచారం ఉన్నదని మనమే రుజువు చెయ్యాలె. పాతదై ఉండాలె, అందరూ ఒక్క తీరుగ పాటిస్తుండాలె, నడుమ తెగకుండ ఉండాలె. ఊర్లు తిరిగి గసొంటి విడాకులు ఎన్ని అయినయో రాసుకరా. నువ్వు లెక్కలమనిషివి గదా."

ఆ రోజుల్లో ఆఫీసులో వేరే మాట లేదు. విడాకులు పొందిన ఒక ముస్లిం వృద్ధురాలికి భర్త భరణం ఇవ్వాలని ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు చెప్పడం, దాన్ని పక్కకు పెట్టే చట్టం రాబోతున్నదని పత్రికలు రాయడం, ఊరూరా ఊరేగింపులు, ఎదురు ఊరేగింపులు. మధ్యాహ్నం చాయ్ హోటల్లో మా వాళ్లు బల్లలు గుద్దేవారు.

"రేపు జడ్జి పక్కకు ఒక కుర్చీ ఏసి ముల్లాను కూసోబెడ్తరు, సూడున్రి."

"ఆయనకు చాయ్ సుత మనమే తేవాలెనా?"

నేనూ ఊరుకోలేదు. చట్టం కొలబద్ద లాంటిదనీ, ఇంటికో కొలబద్ద ఉంటే కాలువ ఎట్లా తవ్వుతామనీ అన్నాను. ఆ మాట నాకు చాలా నచ్చింది.

మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ అప్పటిదాకా మాట్లాడలేదు. ఉర్దూ మీడియంలో చదివి, నిజాం కాలపు చెరువుల పటాలకు నకళ్లు గీసిన ముసలాయన. నాకు పెన్ను పట్టడం నేర్పింది ఆయనే. సాసర్లోని చాయ్ తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూశాడు.

"బేటా, సోమవారం లీవు ఎందుకడిగినవ్?"

నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ములుగు దిక్కు పోయి మీ కులపోళ్ల రివాజు రాసుకచ్చేటందుకు గదా. మా రివాజు కోర్టుకు పోతే ముల్లా పోయినట్టు, మీ రివాజు పోతే ఇంజినీరు పోయినట్టా? మీ పుల్ల ఏ సెక్షన్ల ఉన్నదో జర జెప్పు."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా బాగుండదు. ఆఫీసుకు తిరిగి నడుస్తున్నప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "బురా నకో మాన్, తప్పుగ అనుకోకు. మావోళ్లు చెప్పేదాంట్ల నాకు నచ్చనిది శానా ఉంది. ఆ ముసలామెకు పైసలిస్తే తప్పేంది? కని నచ్చలేదని బయటికి అంటే, అవతలోళ్లు ఇదే అదునని మా కానూను మొత్తం గుంజుకపోతరని ఫికరు. అందుకే నోరు మూసుకోని కూసున్న."

నాలుగు ఆదివారాలూ రెండు సెలవు రోజులూ తిరిగాను. బస్సు పోయినంత దూరం బస్సు, ఆ పైన జీపు, జీపు దొరకనిచోట నడక. మొత్తం పదకొండు విడాకుల వివరాలు దొరికాయి. అన్నిటికంటే పాతది మా తాతల కాలం నాటిది. వాటిని ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో పట్టికగా గీశాను. అడ్డంగా పదకొండు వరుసలు. నిలువుగా ఊరు, సంవత్సరం, పెద్దమనుషులు, విరిచిన పుల్ల, తిరిగి ఇచ్చిన వస్తువులు, మారుమనువు. ఆరు గడులయ్యాక కుడివైపు రెండంగుళాల జాగా మిగిలింది. నా నోటుపుస్తకంలో మరొక వివరం కూడా ప్రతి వరుసకూ ఉంది. అడిగిన ప్రతిచోటా వాళ్లంతట వాళ్లే చెప్పారు కాబట్టి రాసుకున్నాను. సేకరించిన వివరం పటంలోకి ఎక్కకపోతే ఆ పటం అసంపూర్ణమని నాకు నేర్పారు. ఏడో గడి గీసి, పైన "సంతానం ఎవరి వద్ద" అని రాసి, పదకొండు వరుసలూ నింపాను. ఒక్క చోటు కూడా ఖాళీ లేదు. దానికి నకళ్లుగా మూడు అమ్మోనియా ప్రింట్లు తీయించాను: కోర్టుకు ఒకటి, ఎదుటి వకీలుకు ఒకటి, మాకొకటి. వకీలు సారు ఆ వారం హైదరాబాదులో ఉంటే, గుమాస్తా గడువు దాటకుండా దాఖలు చేశాడు. గడువుకు ఒక రోజు ముందే పని పూర్తి చేసినందుకు నన్ను మెచ్చుకున్నాడు కూడా.

పదిహేను రోజులకు వకీలు సారు పిలిపించాడు. అక్క కూడా వచ్చింది. బల్ల మీద నా పట్టిక పరిచి ఉంది. దాని మీద ఎదుటివైపు నుంచి వచ్చిన కొత్త అర్జీ.

"ఈ ఏడో గడి నిన్నెవడు గియ్యమన్నడయ్యా?"

నాకు అర్థం కాలేదు. ఆయన అర్జీ చదివాడు. అందులో ఉన్నది ఇది. కులాచారం చెల్లదు, కాబట్టి భార్యను పంపించాలి. ఒకవేళ చెల్లుతుందని కోర్టువారు భావిస్తే, అదే ఆచారం ప్రకారం ఐదేళ్లు నిండిన బిడ్డ తండ్రికి చెందుతుంది. ఈ సంగతిని ప్రతివాది సొంత తమ్ముడే పదకొండు ఉదాహరణలతో రుజువు చేశాడు.

"ఇడుపు కాయితంల పిల్ల మాట లేదు. ఎవ్వలూ అడగకపోతే ఎవ్వలూ చెప్పకపోదురు. అడగకుంటనే నువ్వు సిరాతోని రాసిచ్చినవ్."

"వేరే పట్టిక గీస్తాను సార్. ఆరు గడులతో."

"వాళ్ల చేతుల ఒకటున్నది గదా. నిన్ను బోనెక్కించి, ఏడోది ఏమాయె అని అడిగితే ఏం చెప్తవ్?"

వకీలు సారు అక్క వైపు తిరిగి మెత్తగా చెప్పాడు. పిల్ల విషయంలో కోర్టు ఆచారం ఒక్కటే చూడదు, పిల్ల మేలు చూస్తుంది. కొట్లాడితే గెలవవచ్చు.

"గెలుస్తమని రాసిస్తరా సారూ?" అన్నది అక్క.

"అట్ల ఎవ్వరూ రాసియ్యరమ్మా."

ఆ సాయంత్రం ఇంట్లో అక్క మిషను మీది బట్ట పక్కకు తీసి పట్టికను అక్కడ పరచమన్నది. ఆమెకు చదువు రాదు. ఏడో గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవమన్నది.

"తండ్రి వద్ద," అని చదివాను. "తండ్రి వద్ద. తండ్రి వద్ద. తండ్రి వద్ద."

"ఆగు. ఈ నాలుగో ఆమె ఎవలు?"

"ములుగు అవతల, అడివి అంచున ఉంటది. తునికాకు ఏరుతది."

"పిల్లగాన్ని మల్లెప్పుడన్న సూసిందా?"

దానికి పట్టికలో గడి లేదు. నోటుపుస్తకంలోనూ లేదు. కాని ఆమె నాకు చెప్పింది. కొలతకు అందని మాటని నేను రాసుకోలేదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఆ తండ్రీకొడుకులు వస్తారనీ, బంగారం తూచేచోట కొడుకును దూరం నుంచి చూస్తాననీ, పోయినసారి మీసాలు రావడంతో గుర్తుపట్టడానికి జర ఆలస్యమైందనీ చెప్పింది. బంగారమంటే అక్కడ అమ్మవార్లకు ఇచ్చే బెల్లమే. ఇదంతా అక్కకు చెప్పాను. మిగిలిన ఏడు వరుసలూ ఆమె చదవనివ్వలేదు.

"నేను ఆయినె పెండ్లాన్నే అంటే పిల్ల నా తానే ఉంటదా?"

"ఆచారం మాట రాదు. ఆచారం లేకపోతే ఏడో గడీ లేదు. ఆయన పిల్లను అడగాలంటే వేరే దావా వెయ్యాలె. కని నువ్వు కాపురానికి పోవాలని తీర్పు వస్తది."

"రాకపోతే పోలీసులు గుంజుకపోతరా?"

"లేదు. మనిషిని గుంజుకపోరు. సామాను జప్తు చేయొచ్చు."

"మరి మిల్లు ఆయినె?"

నేను పట్టికను చుట్ట చుడుతూ ఉండిపోయాను. చట్టం ప్రకారం భర్త ఉన్న ఆడది మరొకరిని చేసుకుంటే అది నేరం. నేను చేతులు ఆపకుండా చుట్టడం చూసి ఆమెకే అర్థమైంది.

"ఆయినెకు నువ్వే కబురు చెప్పు తమ్మీ. నా నోటితోని వద్దు."

మరుసటి వాయిదాకు మా వకీలు లేచి, కులాచారపు వాదనను తాము వదులుకుంటున్నామని చెప్పాడు. జడ్జి కాగితాల మీంచి తలెత్తాడు. ఇడుపు కాయితం, పట్టిక, సాక్షుల జాబితా, ఇంత దాఖలు చేసి ఎందుకు వదులుకుంటున్నారో ఆయనకు అంతుబట్టలేదనుకుంటాను. అక్కను పిలిచి సూటిగా అడిగాడు: "అమ్మా, మీరు ఈయన భార్యేనా?"

వరండాలో నిలబడిన మా కులపెద్ద మెడ ముందుకు చాచాడు. తన తువ్వాల మీద ఆమె పుస్తె పెట్టించుకున్న మనిషి ఆయన.

"అవును," అన్నది అక్క.

ఢిల్లీలో ఆ కొత్త చట్టం వచ్చింది కూడా ఆ వేసవిలోనే. చాయ్ హోటల్లో బల్లలు గుద్దుతున్నారు. నేను రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ముసలాయన పక్కకు జరిగి కేసు ఏమైందని మెల్లగా అడిగాడు. ఓడిపోయామన్నాను. ఎవరి కానూనుతో అన్నాడు. చర్చిది, మాది, సర్కారుది, మూడూ కలిసి అన్నాను. ఆయన ఆ రోజు నవ్వలేదు.

తీర్పు వచ్చినా అక్క పోలేదు. ఆమె భర్త విడాకులూ అడగలేదు, పిల్లనూ అడగలేదు. ముడి వదలకుండా పట్టుకుని కూర్చోవడమే ఆయనకు కావలసింది. మరుసటేడు వర్షాలప్పుడు కోర్టు అమీనా జప్తు ఉత్తర్వు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో అక్క పేరున ఉన్నది కుట్టుమిషను ఒక్కటే. పిల్ల దాని ఫుట్‌బోర్డు మీద కాళ్లు పెట్టి కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. అమీనా మంచివాడే, పిల్లను లేపకుండానే చుట్టూ తిరిగి మిషను నంబరు రాసుకున్నాడు. తరువాత ఫారం తిప్పి కలం సరిచేసుకున్నాడు.

"నీ మొగని పేరు చెప్పమ్మా."

నాలుగేళ్లుగా అక్క ఆ పేరును దారిన పోయే కుక్కను పిలిచినట్టు పిలుస్తూ వచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే ఆ పేరు, దారం తెగితే ఆ పేరు. అమీనా కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. అక్క కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచి, నా వైపు చూసింది.

"నువ్వు చెప్పు తమ్మీ," అన్నది.

చెప్పాను. అమీనా దాన్ని గడిలో రాసుకున్నాడు.