ఎముక మీది పగులు, గోడ మీది పగులు

గోడలో పగులు కనిపిస్తే నాలుగు సంగతులు రాసుకుంటాం. వెడల్పు, పొడవు, ఎటు వాలింది, రెండు అంచులూ ఒకే మట్టంలో ఉన్నాయా లేదా. ఐదోది ఒకటుందని ఇంజినీరింగ్ కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. మా ఇంటి ఓనరు చెప్పాడు.

ఆయన చైనా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ హిస్టరీ టీచరు. ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో తన ఇంట్లో ఒక గది నాకు అద్దెకిచ్చాడు. శనివారం మధ్యాహ్నం వీధంతా బార్బీ పొయ్యిల మీద సాసేజీలు కాలుస్తుంటే, ఈయన ఎముకలు కాల్చేవాడు. మాంసం కొట్టు నుంచి ఎద్దు భుజం ఎముక తెచ్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, వెనకవైపు వరసగా చిన్న గుంటలు తొలిచేవాడు. ఎర్రగా కాలిన ఇనపచువ్వను గుంటలో పెడితే కాసేపటికి టప్‌మని ముందువైపు పగులు తేలేది. నిలువుగా ఒక గీత, దాన్నుంచి పక్కకు ఒక కొమ్మ. మూడు వేల ఏళ్ళ కిందట వాళ్ళ రాజులు ఇలాగే జోస్యం చూసేవారట. వాన పడుతుంది అని ఎముకకు ఒక పక్క, పడదు అని ఇంకో పక్క చెక్కేవారు. పగులు చూసి శుభమో కాదో రాజు చెప్పేవాడు. కొమ్మ ఏ కోణంలో ఉంటే ఏ అర్థమో ఇప్పుడెవరికీ కచ్చితంగా తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు.

"గుంట మీరే తొలుస్తున్నారు. పగులు మీరనుకున్న చోటే వస్తోంది. ఇంక దేవుడు చెప్పేదేముంది?" అన్నాను.

"అందుకే ముందు వెనక్కి తిప్పి చూడాలి ఇంజినీరూ," అన్నాడు.

తర్వాత ఒక పాత ఎముక ఫోటో చూపించి, చివర చెక్కిన వరస మీద వేలు పెట్టాడు. రాజు చెప్పింది జరిగిందా లేదా అన్నది ఆ వరసలో ఉంటుందట. చాలా ఎముకల మీద అది ఉండదు. ఉన్నవాటిలో కొన్నింటి మీద మాత్రం రాజు చెప్పిన జోస్యం తప్పిందనే చెక్కి ఉంది. చెక్కినవాడు ఆ రాజు కొలువులోనే బతికినవాడు.

"మీ రిపోర్టుల్లో ఈ వరస ఉందా?"

లేదు. నేను ఎముకల్నీ నమ్మను, మా అమ్మ చూపించే జాతకాల్నీ నమ్మను. ఆ ఒక్క వరసను నమ్మాను.

మార్చిలో ఒక తెలుగు ఆంటీ ఇంటికి ఆఫీసు పని మీద వెళ్ళాను. కొత్త ఇల్లే, హాలు గోడ పగిలింది. రంగు వేస్తే సరిపోయే పగులేనని ధ్రువీకరించమని, ఆ ఇల్లు కట్టిన బిల్డరు ఉత్తరం రాశాడు. మా ఆఫీసుకు పనులిచ్చేది అతనే. ఇరవై నిమిషాలు చూశాను. రెండు మిల్లీమీటర్లు, సాధారణమైన కుంగుబాటు అని రాసి సంతకం పెట్టాను.

సెప్టెంబరులో మళ్ళీ పంపించారు. ఆరు మిల్లీమీటర్లయింది. బయట ఇటుకల్లో మెట్లు మెట్లుగా దిగింది. ఈసారి ఉత్తరంలో, ఇంటావిడ గోడ పక్క మొక్కకు నీళ్ళు పోయడం వల్లే పగిలిందని ధ్రువీకరించమన్నారు. మొక్క ఫోటో కూడా పెట్టారు.

"ఏ మొక్క బాబూ, కరివేపాకా?" అంది ఆంటీ. "అది కుండీలో ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా, ఇక్కడి చలికాలమంతా, మా సోఫా పక్కనే ఉంది. మీ అంకుల్‌కన్నా దానికే హీటర్ ఎక్కువ పెట్టాను."

కావాల్సిన జవాబుకి గుంట ఉత్తరంలోనే తొలిచి పంపారు. కాబట్టి గోడ వెనక్కి వెళ్ళాను. కప్పు మీది వాననీటిని దించే గొట్టం అక్కడే భూమిలోకి దిగుతోంది. పైన రెండు బకెట్ల నీళ్ళు పోయించి, అవతల డ్రెయిన్ మూత తీసి చూశాను. చుక్క రాలేదు. గొట్టం డ్రెయిన్‌కి కలపనేలేదు. వాన నీళ్ళన్నీ పునాది కింది బంకమట్టిలోకే పోతున్నాయి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. మార్చిలోనూ ఆ గొట్టం అక్కడే ఉంది. నేను చూడలేదు.

అదంతా రిపోర్టులో రాసి, మార్చిలో నేను తేల్చింది తప్పు అని చివర చేర్చాను.

మా మేనేజరు విజయవాడ మనిషి. "తమ్ముడూ, గొట్టం సంగతి చిన్నగా రాద్దాం. ఈ చివరి వాక్యం తీసెయ్. కొత్త పగులు అను, సరిపోతుంది. తన తప్పు మీద తనే సంతకం పెట్టేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

కొత్తదంటే కట్టడంలో లోపం కాదని బిల్డరు బాధ్యత పోయి, బాగుచేయించుకునే బరువు ఆంటీ మీద పడుతుంది.

"కొత్తది కాదన్నా. అదే పగులు. మార్చి ఫోటోలున్నాయి."

"నీ వీసా కాగితాల మీద సంతకం ఎవరిదో గుర్తుందా?"

"మీదే అన్నా."

"మరి?"

"ఆరు మిల్లీమీటర్లన్నా."

రిపోర్టు నా దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికిచ్చారు. ఆ శనివారం సొంత పని మీద ఆంటీ ఇంటికి వెళ్ళాను. మార్చి తప్పు ఆవిడకు చెప్పి క్షమించమన్నాను. చెరగని మార్కరు తీసి పగులు పక్కన మూడు వరసలు రాశాను. మార్చి, రెండు మిల్లీమీటర్లు, సాధారణం అన్నాను. సెప్టెంబరు, ఆరు, గొట్టం కలపలేదు. మొదట చెప్పింది తప్పు. కింద నా పేరు, సంతకం.

"పెయింటు గోడ బాబూ. చెరగదా?"

"చెరగదాంటీ."

"అయితే పెద్దగా రాయి. కళ్ళజోడు లేకుండా కనబడాలి."

మంగళవారం బిల్డరు పగులు మీద రంగు వేయమని రంగులతన్ని పంపించాడు. ఆంటీ అతన్ని గడప దాటనివ్వలేదు. గోడ ఫోటో తీసి బిల్డరుకీ మా ఆఫీసుకీ తనే పంపింది.

తర్వాతి సోమవారం ఆఫీసులో నన్ను సంజాయిషీ రాసి తెమ్మన్నారు. రాశాను, ఒకటే పేజీ. కొలతలున్నాయి, ఫోటోలున్నాయి. క్షమించమన్న మాట లేదు. అది చెప్పాల్సిన మనిషికి గోడ దగ్గరే చెప్పాను.